ఏడు సీట్ల బండి, నాలుగో బెంచీ

మా ఇంట్లో కవలలు పుట్టిన రోజు నుంచి మా పాత కారు కుంచించుకుపోవడం మొదలుపెట్టింది. నా కళ్లారా చూశాను. అంతకు ముందు అందులో నేను, నా భార్య, మా పెద్దపిల్ల, మా అమ్మ కాళ్లు బారజాపుకుని, మధ్యలో ఓ పుచ్చకాయను కూడా కూర్చోబెట్టుకుని, నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా నవాబుల్లా వెళ్లేవాళ్లం. నాకు నలభై మూడో ఏడు వచ్చాక, పెద్దపిల్లకు పదేళ్లు నిండాక, ఒకరు చాలరన్నట్టు ఇద్దరు దిగారు. వాళ్లను సాకడానికి మా అత్తగారు బందరు నుంచి మూడు నెలల కోసమని రెండు చీరలతో వచ్చారు. రెండేళ్లయింది. ఇప్పుడు ఆ చీరలు రెండు బీరువాలు.

వెరసి ఏడుగురం. కారు కాగితాల్లో అయిదుగురు పడతారని రాసి ఉంది. ఆ అయిదుగురూ అగరొత్తుల్లాంటి మనుషులై ఉండాలి.

ఆదివారం ఆరాధనకు ఆబిడ్స్ చర్చికి వెళ్లడం, మా తాతగారు కోస్తా నుంచి ఉద్యోగం మీద ఈ ఊరు వచ్చినప్పటి నుంచీ మా ఇంటి అలవాటు. అక్కడ ఎడమవైపు నాలుగో బెంచీ మాది. దాని మీద మా పేరేమీ రాసిలేదు. అమ్మే దానికి దస్తావేజు, అమ్మే సాక్షి సంతకం. కవలలు వచ్చాక అమ్మ కొత్త పద్ధతి ఒకటి పెట్టింది.

"నేను ముందు ఆటోలో వెళ్లి బెంచీ పట్టుకుంటాలే. మీరు నిదానంగా రండి," అనేది.

వెళ్లి, బెంచీ ఈ కొసన బైబిలు, ఆ కొసన పాటల పుస్తకం, మధ్యలో గొడుగు, చేతిసంచి, కళ్లజోడు పెట్టె, చివరికి రుమాలు కూడా పరిచి, కోట కాపలా కాసే సేనాపతిలా కూర్చునేది. ఎవరైనా అటు ఆశగా చూస్తే చాలు, "వస్తున్నారండీ, బండి పెడుతున్నారు," అనేది. ఆ సమయానికి మేము ఇంట్లో మంచం కింద దూరి కవలల్లో ఒకడి రెండో చెప్పు వెతుకుతూ ఉండేవాళ్లం.

కారులో అమ్మ చోటు అత్తగారికి పోయిందని నాకు తెలియక కాదు. ఇంటికొచ్చిన మనిషిని ఆటో ఎక్కించడం మర్యాద కాదని అమ్మే పట్టుబట్టింది.

"నేను వెళ్తాను ఆటోలో, వదినగారూ."

"ఈ ఊరి ఆటోవాళ్లతో బేరం మీకు చేతకాదు, వదినగారూ. మీరు కూర్చోండి."

వియ్యపురాళ్లిద్దరూ ఇలా ప్రతి ఆదివారం గుమ్మంలో పావుగంట మర్యాదలతో కొట్టుకునేవారు. గెలుపు ఎప్పుడూ అమ్మదే. గెలిచి ఆటో ఎక్కేది.

ఓ వానాకాలం ఆదివారం మేము వెళ్లేసరికి అమ్మ చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. స్టేషన్ రోడ్డులో నీళ్లు నిలిచి ఆటో మొరాయిస్తే దిగి నడిచిందట. బెంచీ మాత్రం ఇసుమంత కూడా చేజారలేదు. సాయంత్రం మోకాళ్లకు నూనె రాసుకుంటూ, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా అంది: "వచ్చే నెల నుంచి నేను ఇంట్లోనే ఫోనులో ఆరాధన చూసుకుంటాన్రా. ఈ మోకాళ్లు ఇక మాట వినేట్టు లేవు."

నేను దేన్నయినా పదింతలు చేసి చెప్పే మనిషిని. మా ఇంటి దోమను పావురం అంటాను. కానీ ఈ మాటను పెంచడానికి ఏమీ దొరకలేదు. నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బెంచీ అది. అమ్మ లేకుండా అక్కడ కూర్చోవడం నా ఊహకు అందలేదు. మర్నాడే కొత్త బండి వేట మొదలుపెట్టాను.

లోకం బండి కొనేటప్పుడు మైలేజీ అడుగుతుంది, ఎయిర్‌బ్యాగులు అడుగుతుంది. మేము అడిగింది ఒకటే: అమ్మ మోకాళ్లు ఎక్కుతాయా?

ఏడుగురం దండులా షోరూములో దిగాం. బండ్లు అమ్మే అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చి, మమ్మల్ని లెక్కపెట్టి, నవ్వు కొంచెం తగ్గించింది. మొదటి బండి చూపిస్తూ, "గీ నడిమి సీటు గిట్ల వంచుతే, వెనక్కి ఈజీగ పోవచ్చు ఆంటీ," అంది.

"పోవచ్చమ్మా. మళ్లీ రావాలి కదా," అంది అమ్మ.

ధైర్యం చేసి అత్తగారు వెళ్లారు. మోకాళ్లు గడ్డానికి ఆనుకున్నాయి. ఆవిడను బయటికి తియ్యడానికి నేను, నా భార్య, షోరూము అమ్మాయి, సంతకం పెట్టడానికి వచ్చిన ఇంకో కస్టమరు కలిసి పనిచేశాం. రెండో బండి మరీ ఎత్తు. ఎక్కడానికి నిచ్చెన, దిగడానికి పారాచూట్ కావాలి. మూడో దాంట్లో కవలలు హారన్ ఎక్కడుందో కనిపెట్టారు కాబట్టి త్వరగా బయటపడ్డాం.

నాలుగోది మూలన నిలబడి ఉంది. ఏ సోకూ లేదు. బేకరీలో వేడిగా దించిన రొట్టెలా పొడుగ్గా, బొద్దుగా ఉంది. అమ్మ దాని మధ్య తలుపు తీసి, వీపు తిప్పి, మంచం మీద కూర్చున్నట్టు కూర్చుని, ఒక్కో కాలే లోపలికి లాక్కుంది. షోరూమంతా ఊపిరి బిగబట్టింది. కనీసం నేను బిగబట్టాను.

"ఇది మా అమ్మ మంచంలా ఉందిరా," అంది.

"ముందు సీటు మీకే, వదినగారూ," అన్నారు అత్తగారు.

"అదెట్లా? మీకే."

ఇది మళ్లీ పావుగంట నడిచేదే. కానీ అత్తగారు రెండేళ్లుగా దాచిన రహస్యం అక్కడ బయటపెట్టారు. వెనక కూర్చుంటే ఆవిడకు కడుపులో తిప్పుతుందట. మొహమాటానికి ఇన్నాళ్లూ ఆదివారాలు కళ్లు మూసుకుని కొంగులో నిమ్మకాయ వాసన చూసుకుంటూ వచ్చారట. భక్తి అనుకున్నాను నేను. అలా ముందు సీటు ఆవిడకు, మంచం అమ్మకు, అమ్మ పక్కన కవలలకు, వెనక వరస నా భార్యకూ పెద్దపిల్లకూ ఖరారయ్యాయి.

ఇక మిగిలింది మా గేటు. మా సందు ఎంత ఇరుకంటే, మా కుక్కరు విజిల్ వేస్తే ఎదురింటివాళ్లు స్టవ్ ఆపుతారు. ఇంట్లో ఉన్న కొలత టేపు నాలుకను కవలలు ఏనాడో పీకేశారు. అందుకని అమ్మ ముందురోజే గేటును చేత్తో కొలిచిపెట్టింది: అయిదు మూరలు, పైన నాలుగు వేళ్లు. నేను షోరూములో మోకాళ్ల మీద కూర్చుని, ఈ అద్దం కొస నుంచి ఆ అద్దం కొస దాకా బండిని నా చేత్తో కొలిచాను. నాలుగున్నర.

"అరమూర పైనే మిగులుతుంది!" అని ప్రకటించాను.

"సార్, కాగితం మీద కొలత రాసుంటది కదా," అంది అమ్మాయి.

"కాగితం ఏదైనా అంటుందమ్మా. చెయ్యి అబద్ధం చెప్పదు," అన్నాను గంభీరంగా. ఇంటిల్లిపాదీ తలలూపారు.

బండి తెచ్చిన సాయంత్రం ఏడుగురం అందులోనే ఊరేగింపుగా వచ్చాం. మా సందు మొదట్లో మెకానిక్ షెడ్డు నడిపే భాయ్, గేటు దగ్గర మా బండిని చూసి పరుగెత్తుకొచ్చాడు. "ఆగు, ఆగు అన్నా! అద్దాలు తాకుతున్నయ్. జర మడువు!"

మడిచాను. బండి గేటు దాటి, గోడకూ మెట్లకూ మధ్య ఉన్న దారిలో, సీసాలో బిరడాలా దిగింది. చప్పట్లు కొట్టాం. అప్పుడు దిగుదామని తలుపు తీశాను. రెండంగుళాలు తెరుచుకుంది. అవతలి తలుపు అంత కూడా లేదు.

భాయ్ వెనక అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు. "అన్నా, బండైతే లోపలికి పోయింది. మీరెట్ల బయటికొస్తరు?"

కవలలు ఈ సంగతికి ఎంతో సంతోషించారు. భాయ్ చేతులు ఊపుతూ దారి చెప్తుంటే, అంగుళం అంగుళంగా వెనక్కి తీసి సందు మొదట్లో దిగాం. అమ్మ నా చేతిని పట్టుకుని, మోచెయ్యికి మోచెయ్యి ఆనించి చూసింది. నా మధ్యవేలు ఆమె వేలికన్నా నాలుగు వేళ్లు పైకి ఉంది.

"నీ మూరా నా మూరా ఒకటేనట్రా? పూలమ్మేవాడి మూర ఎప్పుడైనా నా మూరంత ఉందా? ఇంత చదువు చదివావు!"

"కొలిచింది నువ్వు కదమ్మా!"

"నేను గేటు కొలిచాను. గేటు ఎక్కడికి పోయింది? అక్కడే ఉంది."

వాదించి లాభం లేదు. భాయ్ తన షెడ్డు పక్క ఖాళీ జాగా చూపించాడు. "ఈడనే పెట్టుకో అన్నా, కిరాయి గిరాయి ఏమొద్దు. క్రిస్మస్‌కి అమ్మ చేసే కేకు జర పెద్ద ముక్క పంపుతే చాలు." అమ్మ అప్పటికప్పుడు కేకు ఖరారు చేసి, వంటింట్లోంచి తన చెక్కపీట తెప్పించి బండిలో వేయించింది. పీట మీద ఒక కాలు, బండిలో ఒక కాలు. మోకాళ్లు మాట విన్నాయి.

ఆ ఆదివారం మా ఇంటి చరిత్రలో మొదటిసారి అందరూ ఒకేసారి తయారయ్యారు. నాలుగు చెప్పులూ దొరికాయి. గుమ్మంలో మర్యాదల యుద్ధం లేదు. అమ్మ కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనిపించిన ప్రతి ఆటోనూ జాలిగా చూసింది. ఆరాధన తర్వాత బండికి ప్రార్థన చేస్తామని పాస్టరు అయ్యగారు మాటిచ్చారు. ఏడుగురం వరసగా, పెళ్లివారిలా చర్చిలోకి నడిచాం.

నాలుగో బెంచీ నిండా మనుషులు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎవరిదో కుటుంబం, మధ్యలో గొడుగు పెట్టే సందు కూడా లేకుండా.

అమ్మ నన్ను చూసింది. నేను అమ్మను చూశాను. మోకాళ్లు కొలిచాం, గేటు కొలిచాం, బండి కొలిచాం. అందరం కలిసి వస్తే బెంచీ ఎవరు పట్టుకుంటారన్నది ఏడు బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు. నేను ఓ స్తంభం వెనక, నా భార్యా పెద్దపిల్లా ఇంకెక్కడో, అత్తగారు ఒక కవలతో గోడ పక్కన, అమ్మ రెండో కవలతో తలుపు దగ్గర చిట్టచివరి బెంచీలో, తిరగని ఫ్యాను కింద. ప్రార్థన మధ్యలో కవలలు ఆ మూల నుంచి ఈ మూలకు ఒకళ్లనొకళ్లు పేరు పెట్టి పిలుచుకున్నారు.

తిరుగు దారిలో అమ్మ, నాంపల్లి వైపు సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు గొంతు సవరించుకుంది. "వచ్చే వారం నుంచి..."

నా కాలు బ్రేకు మీద గడ్డకట్టింది. మళ్లీ ఆటో. లేకపోతే ఫోను.

ముందు సీటులోంచి అత్తగారు వెనక్కి తిరిగారు. "ఆటో అన్నారంటే చూడండి వదినగారూ, నేను రేపే బందరు బస్సెక్కుతాను."

"ఆటో ఎందుకండీ, మంచం లాంటి బండి పెట్టుకుని?" అంది అమ్మ. "గంట ముందు బయల్దేరదాం. ఏడుగురం. వీళ్లు ఎక్కడానికే అరగంట పడుతుంది."

అప్పటి నుంచి మేమే ముందు వెళ్తున్నాం. ఎంత ముందంటే, గంట కొట్టే పెద్దాయన వచ్చి మమ్మల్నే టైమెంతయిందని అడుగుతున్నాడు. చర్చి తలుపు తీసేదాకా బండిలోనే ఇడ్లీలు తింటాం. తలుపు తియ్యగానే అమ్మ పీట మీద కాలు పెట్టి అందరికన్నా ముందు దిగుతుంది.

ఏడుగురం కూర్చున్నాక కూడా అమ్మ బెంచీ చివర గొడుగు పెడుతుంది. మొన్న అడిగాను, ఎవరి కోసమని.

"ఎవరో పాపం ఆటోలో తడుస్తూ వస్తారు కదరా. ఇంకో అరమూర ఖాళీ ఉంది."

"ఎవరి మూరతో?" అన్నాను.

"నోరు మూసుకుని కాస్త జరుగు," అంది అమ్మ.