కొత్త కాకముందు కోసిన చిక్కుడు

2006 నవంబరు 11, శనివారం, పొద్దున ఆరు గంటల పది నిమిషాలు. ఆ రోజు డైరీ పేజీలో మొదటి వాక్యం ఇది: "ఈ రెండు రోజులూ ఏ పనీ పెట్టుకోలేదు." దాని కింద స్కేలు పెట్టి గీత కూడా గీశాను. ముప్పై నాలుగేళ్లు నర్సుగా ఈ అడవి ఊళ్లు తిరిగిన దాన్ని. పని లేదని రాసుకోవడమే నాకు పెద్ద సుఖం. ఇప్పుడు ఆ గీత కనపడగానే పేజీ తిప్పేస్తాను.

మా ఇల్లు అశ్వారావుపేట దాటాక అడవిలోకి పోయే రోడ్డు పక్కన ఉంటుంది. రెండు గదుల పెంకుటిల్లు, తూర్పు వాకిలి. నేను పుట్టింది మధిర దగ్గర. 2001 జూన్ 30న రిటైరయ్యాక కిరాయికి ఉన్న ఈ ఇల్లే కొనుక్కుని ఉండిపోయాను. కంచె అవతల కోయ గూడెం మొదలవుతుంది. అందులో మొదటి ఇల్లు గూడెం పూజారిది. ఆయన భార్య నాకంటే పదమూడేళ్లు చిన్నది. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ "నర్సమ్మా" అని పిలిచింది. రిటైరైన మర్నాడు ఆదివారం, ఇద్దరం మా వసారాలో కూర్చుని అన్నం తిన్నాం. ఆ రోజు నుంచి "అక్కా" అన్నది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆమె భోజనం మా ఇంట్లోనే. ఏ ఆదివారం ఏం వండానో కూడా రాసి పెట్టుకున్నాను.

ఆ శనివారం చలి అప్పుడే మొదలైంది. ఆరు నలభైకి ఎండ వసారా మొదటి మెట్టు మీదికి వచ్చింది. టీ గ్లాసు పట్టుకుని, ఎండ జరిగిన కొద్దీ నేనూ పీట జరుపుకుంటూ కూర్చున్నాను. రేడియోలో పాటలు అయిపోయి ధాన్యం సంగతులు మొదలయ్యాయి. కట్టేశాను. డ్యూటీకి కట్టుకున్న పాత తెల్ల చీరలు ఏడు కలిపి బొంత కుడుతున్నాను. ఆ పొద్దు నాలుగు వరసలు కుట్టాను.

పది గంటలకు పూజారి భార్య బుట్టతో వచ్చింది. అడవి సీతాఫలాలు. మొత్తం పద్నాలుగు, అందులో మాగినవి నాలుగు.

"అక్కా, ఇయ్యాల కూడ రాస్తనే ఉన్నవా? ఉద్యోగం పోయి ఐదేండ్లాయె, ఇంకా రిజిస్టరేంది?"

"రాసుకోకపోతే నువ్వు ఎన్ని పండ్లు తెచ్చావో రేపు నాకెలా తెలుస్తుంది?"

"తిన్నంక కడుపు చెప్తది."

సీతాఫలాల రోజుల్లో మాకు ఒక పందెం ఉండేది. చెరొక పండు తీసుకుని తినాలి, గింజలు లెక్కపెట్టాలి. తక్కువ వచ్చిన వాళ్లు వసారా ఊడవాలి. నా పండులో నలభై ఒకటి.

"నాయి నలభై ఏడు," అన్నది.

"మళ్లీ లెక్కపెట్టు."

"నువ్వే లెక్కపెట్టుకో. నాకు నీ అంత సదువు రాదు గాని దొంగతనం గూడ రాదు."

లెక్కపెట్టాను. నలభై ఏడే. నేను ఊడుస్తుంటే ఆమె మెట్టు మీద కాళ్లు చాపుకుని, "ఆ మూలకున్నది, ఆ మూలకు," అని చూపిస్తూ కూర్చుంది. పోతూ పోతూ నా చిక్కుడు పందిరి కింద నిలబడి పైకి చూసింది.

ఆ చిక్కుడు గురించి చెప్పాలి. 2002 జూన్‌లో ఆమె తన పుట్టింటి ఊరి నుంచి తెచ్చిన విత్తనాలు ఐదు నా చేతిలో పెట్టింది. నల్ల గింజ, తెల్ల అంచు, కాయ మీద ఊదా గీత. సంతలో దొరికే రకం కాదు. అప్పటి నుంచి ఏటా నా పెరట్లో ఒక పాదు, వాళ్ల పెరట్లో ఒక పాదు. 2006 వానాకాలంలో వాళ్ల పాదును మేకలు మేసేశాయి. పుట్టింట్లో కూడా ఆ విత్తనం పోయిందని ఆమె చెప్పింది. అంటే ఆ ఏటికి నా పందిరి మీద ఉన్నదే విత్తనం.

ఇంకొకటి కూడా చెప్పాలి. గూడెంలో ఏ కొత్త పంటైనా ముందు దేవతకు పెట్టి, దాని "కొత్త" చేసుకున్నాకే తింటారు. చిక్కుడుకు కూడా కొత్త ఉంది. అది కాకముందు కాయ ముట్టరు. ఏ రోజు చేయాలో చెప్పేది పూజారి, మొదటి కాయ దేవతకు పెట్టే చెయ్యి కూడా ఆయనదే. ఆ ఇంట్లో వాళ్లు ముందే తింటే ఆ చెయ్యి పనికిరాదు. నేను వాళ్ల మనిషిని కాకపోయినా, పక్కన ఉన్నందుకు, అన్నేళ్లూ కొత్త అయ్యే దాకా చిక్కుడు కోయలేదు.

ఆ ఏడు మాత్రం అయిపోయిందనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. లెక్క వేసుకున్నాను. డైరీలు తీసి చూస్తే అంతకు ముందు మూడేళ్లూ కార్తీక పౌర్ణమి వెళ్లిన మొదటి గురువారమే కొత్త జరిగింది. ఈసారి ఆ గురువారం నవంబరు 9. ఆ సాయంత్రం గూడెంలో డోలు మోగింది కూడా. సరిపోయింది అనుకుని డైరీలో "చిక్కుడు కొత్త" అని రాశాను. అడగడానికి కంచె దాకా పోతే చాలు. పోలేదు.

ఆదివారం తలంటు పోసుకున్నాను. కుంకుడు పులుసు కళ్లలో పడి కాసేపు ఏమీ కనిపించలేదు. ఎనిమిది నలభైకి జుట్టు ఆరబెట్టుకుంటూ పందిరి కింద స్టూలు వేసుకుని కోశాను. లేత కాయలు తొంభై రెండు. ఈనెలు తీయడానికి అరగంట పట్టింది. అంత తీరిగ్గా ఈనెలు తీసింది నా జీవితంలో ఏ కొద్దిసార్లో. ఎండ వీపు మీద పడుతోంది, జుట్టు కుంకుడు వాసన వేస్తోంది, రోడ్డు మీద బస్సు కూడా లేదు. వంకాయ, చిక్కుడు కలిపి కూర వండాను. కాయను మూడు ముక్కలు చేసి వేశాను. వంకాయ బాగా మగ్గి చిక్కుడు కనపడకుండా కలిసిపోయింది.

పన్నెండున్నరకు ఆమె వచ్చింది. చేతులు కడుక్కుని పీట వేసుకుంది. తన కోడలు మంచినీళ్ల బోరింగు దగ్గర ఎవరితోనో పెట్టుకున్న కొట్లాట చెప్తూ, నవ్వుతూ, కలుపుకుంది. ఒక ముద్ద తిన్నది. రెండో ముద్ద నోట్లో ఉండగా మాట ఆగింది.

నమలడం కూడా ఆగింది. తర్వాత మెల్లగా మింగింది. ఉమ్మేస్తుందనుకున్నాను. నా ఇంట్లో నా ఎదుట ఉమ్మలేక మింగిందని తర్వాత తెలిసింది.

"ఇందుల ఏమేసినవ్?"

"చిక్కుడు. మన చిక్కుడే."

"కొత్త కాలే, అక్కా."

"గురువారం అయింది కదా? డోలు విన్నాను."

"డోలుకు కొత్త తోలు ఏసిండ్రు. మోగుతదా లేదా అని కొట్టి చూసిండ్రు. గూడెంల బిడ్డ పుట్టలేదా? బొడ్డు ఊడి, ఇల్లు కడిగిందాక ఆగమన్నడు ఆయన. వచ్చే గురువారం."

ఆ బిడ్డ సంగతి నాకు తెలుసు. రిటైరైనా కాన్పంటే నన్ను పిలుస్తారు. నవంబరు 5, ఆడపిల్ల, రెండు కిలోల ఎనిమిది వందలు అని నా డైరీలోనే ఉంది. పురుడు వస్తే గూడెంలో దేవత పని ఆగుతుందనీ తెలుసు. రెండు సంగతులూ నాలుగు పేజీల తేడాలో నా చేతి రాతలోనే ఉన్నాయి. వాటిని కలిపి చూడలేదు. ఎన్నో వందల కాన్పులకు తేదీ లెక్కగట్టి చెప్పాను. సరిగ్గా నేను చెప్పిన రోజున పుట్టిన పిల్లలు బహుకొద్ది. తేదీ మీద అంత నమ్మకం పెట్టుకోకూడదని అందరికంటే నాకే తెలిసి ఉండాలి.

"నువ్వు చూసుకోలేదా?" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"ఎందుకు చూస్త? నువ్వు అన్ని రాస్తవ్ గద. నీకు తెల్వదా అనుకున్న."

కంచంలో అన్నం అలాగే ఉంది. నేను ఇంకా తప్పు చేశాను.

"ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. ఎవరికి తెలుస్తుంది? నేను చెప్పను," అన్నాను.

ఆమె నా వైపు చూసిన చూపులో కోపం లేదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"నా నోటికి తెల్వదా?" అన్నది. లేచి, చెయ్యి కడుక్కోకుండా, కంచం తీసి గోడ పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఆమె భర్తకు చెప్తుందని తెలుసు. ఆయన ఏమంటాడో తెలియదు. మూడు గంటల దాకా వసారాలో కూర్చున్నాను. బొంత ఒళ్లో పెట్టుకున్నాను గానీ ఒక్క కుట్టూ పడలేదు. ఎండ మెట్లు దిగిపోయింది. పందిరి కేసి చూస్తే ఆ పచ్చదనం మీద నాకే అసహ్యం పుట్టింది. కొడవలి తెచ్చి పాదు మొదట్లో కోసేశాను. అది ప్రాయశ్చిత్తమనుకున్నాను కాబోలు. మూడు గంటల పదిహేను నిమిషాలు.

నాలుగున్నరకు పూజారి కంచె దగ్గరికి వచ్చాడు. నాకంటే చిన్నవాడే అయినా ఆయన్ని చూస్తే పెద్దవాణ్ని చూసినట్టు లేచి నిలబడతాను. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"ఎన్ని ముద్దలు తిన్నది?"

"రెండు."

"ఆమె కూడ రెండే అన్నది." తల ఊపాడు. "నువ్వు కావాలని పెట్టలె. ఆమె కావాలని తినలె. గూడెంల గట్లనే చెప్త."

"మీ చేతి మీదుగా కొత్త..." అన్నాను. మిగతాది అడగలేకపోయాను.

"ఈసారి మా తమ్ముడు చేస్తడు. ఆమె ఏడాది దాక బయటి వంట ముట్టదు. అంతే." పందిరి వైపు చూశాడు. ఆకులు అప్పుడే వాడి వేలాడుతున్నాయి. దగ్గరికి జరిగి, కంచె మీద చెయ్యి వేసి, తెగిన మొదలు చూశాడు. "ఇది ఎందుకు కోసినవ్, నర్సమ్మా? తీగ ఏం చేసింది?"

పాదు పక్కనే పడి ఉన్న కొడవలి తీసి గోడకు ఆనించాను.

"గింజ పట్టిన కాయ ఒక్కటన్న ఉన్నదా?"

ఇద్దరం వెతికాం. ఆయన కంచె అవతలి నుంచి, నేను ఇవతలి నుంచి. గింజ ముదిరినది ఒక్కటీ లేదు. నవంబరులో ఎలా ఉంటుంది? అన్నీ లేత కాయలు, పూలు. ఆయన ఇంటికి పోతూ భార్యతో వాళ్ల భాషలో ఏదో చెప్పడం వినిపించింది. ఆమె గొంతు ఒక్కసారి పైకి లేచింది, అంతే. రెండు ముద్దల సంగతి చెప్పినప్పుడు ఆ ఇంట్లోంచి అంత గొంతు రాలేదు.

మర్నాటి నుంచి ఆమె పలకరించడం మానలేదు. కంచె దగ్గర నిలబడి జ్వరం మాత్ర అడిగేది, కోడలి బీపీ చూడమనేది. కాకపోతే "నర్సమ్మా" అనేది. గురువారం గూడెంలో కొత్త జరిగింది. పూజారి తమ్ముడు చేశాడు. నేను తలుపు వేసుకుని డోలు విన్నాను.

ఏడాది గడువు నేనూ లెక్కపెట్టుకున్నాను. 2007లో కొత్త ఎప్పుడో ఈసారి కంచె దాకా పోయి అడిగాను. అయిన తర్వాతి ఆదివారం రెండు పీటలు వేసి, పప్పు, బెండకాయ వేపుడు చేశాను. పన్నెండున్నరకు ఆమె వచ్చింది. బుట్టలో ఆరు సీతాఫలాలు. గేటు దగ్గరే నిలబడింది.

"తిని పో," అన్నాను. "ఏడాది అయిపోయింది కదా."

"అవ్, అయింది. కోడలు అన్నం పెట్టుకొని చూస్తున్నది, నర్సమ్మా. మల్లొచ్చి తింట."

బుట్ట గేటు లోపల పెట్టి వెళ్లింది. ఒక పండు తిని గింజలు లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. ఇంకో పండు గింజలు లేకపోతే అది ఎక్కువో తక్కువో చెప్పడానికి లేదు. వసారా నేనే ఊడ్చుకున్నాను.

ఆ తర్వాత కూడా చిక్కుడు కొత్త పూజారి తమ్ముడే చేస్తున్నాడు. ఒకసారి మారిన చెయ్యి మళ్లీ మారలేదు. పూజారి నాతో ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆ విత్తనం కోసం కొత్తగూడెం సంత నుంచి కుసుమంచి దాకా అడిగాను. నల్ల గింజ దొరికింది, తెల్ల అంచు దొరికింది, ఊదా గీత ఉన్న కాయ మాత్రం దొరకలేదు. దొరికినవి తెచ్చి చూపిస్తే ఆమె అరచేతిలో వేసుకుని చూసి, "మంచిగున్నయ్," అని తిరిగి నా చేతిలో పోసింది.

మా ఇంట్లో ఆమె తిన్న ఆదివారాలు డైరీల్లోంచి తీశాను. 2001 జూలై 1 నుంచి 2006 నవంబరు 12 దాకా ఆదివారాలు రెండు వందల ఎనభై ఒకటి. నేను ఊరు వెళ్లినవి, ఆమె అడవికి పోయినవి పంతొమ్మిది తీసేస్తే రెండు వందల అరవై రెండు. ఆఖరి దాన్ని పూర్తి భోజనంగా లెక్కపెట్టాలా వద్దా అని ఆలోచించాను. లెక్కలోనే ఉంచాను.

ఇది 2009 నవంబరు 15, ఆదివారం నాడు రాస్తున్నాను. ఈ ఏటి కొత్త ఇంకా కాలేదు. పోయినవి ఇవి:

చిక్కుడు పాదు, ఒకటి.

దాని విత్తనం, మొత్తం.

పూజారి చేతి మీదుగా జరగాల్సిన కొత్తలు, మూడు.

అక్కా అన్న పిలుపు.

ఆదివారాలు, ఇవాళ్టితో కలిపి, నూట యాభై ఏడు.