చెంగమ్మక్క పెట్టిన శుక్రవారం దీపం

మొన్న మదనపల్లెలో బస్టాండు వెనక సందులో నడుస్తుంటే, అప్పుడే ఆడించిన రాగిపిండి వాసన తగిలింది. వేడిగా, కాస్త మాడినట్టుగా, ముక్కులోకి పొడిపొడిగా దూరే వాసన. కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. పుంగనూరులో నా అంగడి పక్కన పిండిమిల్లు నడిపిన చెంగమ్మక్క గుర్తొచ్చింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆమె ఎలాంటి మనిషని ఎవరైనా అడిగితే, ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడే మనిషని చెప్తాను. మిల్లు హోరులో ఏళ్ల తరబడి బతికిన గొంతు మరి. 'బాగుండావా అప్పా' అని పలకరించినా వీధి చివరిదాకా వినిపించేది. నేనేమో ఒట్టి పిరికివాణ్ణి. ఆఫీసు కవరు కనబడితే చాలు, లోపల ఏముందో తెలియకముందే చెమటలు పట్టేవి. ఆ సంగతి ఆమె నన్ను చూసిన వారంలోనే కనిపెట్టేసింది.

తొంభైల్లో నాది మోటార్లకు వైండింగ్ చేసే అంగడి. బోరుమోటారు కాలిపోతే రైతులు ఎద్దులబండి మీదో, బస్సు టాపు మీదో వేసుకొచ్చి నా గుమ్మంలో దించేవారు. నా గది, పక్కనున్న చెంగమ్మక్క మిల్లు రెండూ వెంకట్రమణప్పవే. ఆయన కుప్పంలో ఉంటూ పట్టుగూళ్ల వ్యాపారం చేసేవాడు. బాడుగతో పాటు మున్సిపాలిటీ పన్ను కూడా నేనే కట్టాలని మా ఒప్పందం. తాళంచెవి నా దగ్గర ఉన్నన్నాళ్లూ పన్ను నాది, ఆయన చేతికిచ్చాక ఆయనది. ఎన్నో ఏళ్లు అలాగే కట్టాను, రసీదులన్నీ నా పేరు మీదే వచ్చేవి.

పని పెరిగి మదనపల్లెకు మారదామనుకున్నప్పుడు ఆషాఢం ముంచుకొస్తోంది. ఆ నెల పుట్టకముందే సామాను లారీకెత్తించి, తాళంచెవి ఎప్పుడు తెచ్చిమ్మంటారని వెంకట్రమణప్పకు ఫోన్ చేశాను. "ఆషాఢంలో ఖాళీ అంగడి బీగంచెవి చేతికి తీసుకుంటే ఇంగెవురూ బాడుక్కు రారప్పా. చెంగమ్మ కాడ పెట్టి పో. శ్రావణంలో నేనే వచ్చి తీసుకుంటా. బోర్డు కూడా ఉండనీ, అంగడి బోసిగా కనపడకూడదు" అన్నాడు. నాకు అందులో తప్పేమీ తోచలేదు, తాళంచెవి చెంగమ్మక్కకిచ్చి వచ్చేశాను. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే మాట అనేవాణ్ణి. అంగడి పెట్టుకుని బతికేవాళ్లం, ఇలాంటివి మా నరనరాల్లో ఉంటాయి. శ్రావణం వచ్చింది, పోయింది. ఆయన రాలేదు. కొత్త అంగడి హడావుడిలో నేనూ ఆ ఊసు మరిచిపోయాను.

మరుసటి ఏడు పుంగనూరు మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. నేను వదిలేసి వచ్చిన అంగడికి పన్ను కట్టమని, నా పేరుతోనే. అందులో అడిగిన పన్నంతా నేను ఖాళీ చేసిన తర్వాతి కాలానిది. పరుగెత్తుకుంటూ ఆఫీసుకు వెళ్లాను. బిల్ కలెక్టరు మంచివాడే, ఓపిగ్గా చెప్పాడు. "మీ బోర్డు ఇంకా ఆడనే ఉండాది కదన్నా. మాకెట్ల తెలుస్తాది మీరు ఖాళీ చేసినారని? ఎప్పట్నుంచి అంగడి ఆయన చేతిలో ఉండాదో ఓనరుతో రాయించుకొని రాండి, పేరు మారుస్తాం. లేదంటే కట్టేయండి. మళ్లా సామాను జప్తుకు రాస్తే మా చేతుల్లో ఏమీ ఉండదు."

జప్తు అన్న మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. కొత్త అంగట్లో ఉన్న సామాను నాదయితే సరేననుకుందును. గుర్రంకొండ వైపు నుంచీ అంగళ్లు అనే ఊరి వైపు నుంచీ వచ్చిన రైతుల మోటార్లు అవి. తోటలో టమాటా నీళ్లకు అల్లాడుతుంటే మోటారు నాకప్పగించి పోయినవాళ్లు. రేపు ఎవరో వచ్చి వాటిని ఎత్తుకుపోతే నేనేం ముఖం పెట్టుకుని చెప్పాలి? గుమ్మం ముందు జీపు ఆగితే మోటార్లను లోపలికి జరిపేవాణ్ణి. వెంకట్రమణప్పకు ఫోన్ చేస్తే, "బీగంచెవి నా చేతికి రాలేదు కదప్పా. నీ మనిషి కాడే ఉండాది" అని పెట్టేశాడు.

అప్పు చేసైనా కట్టేద్దామని నిశ్చయించుకుని పుంగనూరు బయల్దేరాను. ఆఫీసుకు పోయేముందు మిల్లు దగ్గర ఆగి చెంగమ్మక్కకు విషయం చెప్పాను.

"నీది కాని పన్ను నువ్వు యాల కడతావప్పా?" అంది.

"నాకీ గొడవలు చేతకావక్కా. కట్టేస్తే నిద్రన్నా పడతాది."

ఆమె కాసేపు పిండి జారే గొట్టం వైపు చూస్తూ నిలబడింది. తర్వాత స్విచ్చి ఆపేసింది. పట్టపగలు, గింజల సంచులు వరసలో ఉండగా ఆమె మిల్లు ఆపడం నేనెప్పుడూ చూడలేదు. "పద, కుప్పం పోదాం" అంది, తలకంటిన పిండి దులుపుకుంటూ.

పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేదాకా నేను ఆయనతో ఏం మాట్లాడాలో గొణుక్కుంటూనే ఉన్నాను. "పెండ్లిచూపులకు పోతాండావా? ఆ గుండీ లాగి లాగి తెంపుతావు" అని నవ్వింది. కానీ ఆ రోజు ఆమె గొంతు మామూలు కంటే తగ్గి ఉంది. బస్సు పడలేదేమో అనుకున్నాను.

వెంకట్రమణప్ప మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. మాట మాత్రం మారలేదు. "బీగంచెవి చెంగమ్మకిచ్చింది నువ్వు. ఆయమ్మ నీ మనిషి."

"నేనెవురి మనిషినీ కాదప్పా, పిండి ఆడించుకొని బతికేదాన్ని" అంది చెంగమ్మక్క. "ఒక మాట అడగతా, చెప్పు. శ్రావణం మొదటి శుక్రవారం నుంచి ఆ అంగట్లో దీపం పెట్టమని నాకు చెప్పిందెవురు?"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నేనే చెప్పినా."

"నూనె ఎవురింటిది?"

లోపలి గుమ్మంలో నిలబడి ఉన్న ఆయన భార్య, "నేనే పంపించినా" అంది.

"పరాయోళ్ల అంగట్లో మనింటి నూనెతో దీపం పెట్టించుకుంటామా అప్పా? ఆ లక్ష్మి ఎవురింటికి రావాలని పెట్టించినావు?"

అంగడి కలిమి ఎవరిదో దీపం వాళ్లే పెట్టించుకుంటారు. మావైపు వ్యాపారస్తుల్లో ఎవరూ కాదనలేని మాట అది. ఇంట్లో ఆడమనిషి ఎదుట ఆ దీపం తనది కాదని అనడానికి ఆయనకు నోరు రాలేదు. శ్రావణం నుంచి అంగడి తన చేతిలోనే ఉందని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. నాకు ఇచ్చేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు, ఆమె వైపే చూశాడు. నా ప్రాణం కుదుటపడిన సంతోషంలో ఆ చూపు నాకు పట్టలేదు.

పన్ను నా పేరు మీద నుంచి పోయింది. కొన్ని నెలల తర్వాత పుంగనూరు వెళ్తే మిల్లు గదిలో ఎవరో చెప్పుల అంగడి పెట్టి ఉన్నారు. అడుగుతూ అడుగుతూ చౌడేపల్లె వెళ్లాను. ఊరి చివర రేకుల కింద చెంగమ్మక్క మిల్లు ఆడుతోంది. గిరాకీ లేదు, ఒక్క సంచి కనబడింది. వెంకట్రమణప్ప ఖాళీ చేయమన్నాడా అని అడిగాను.

"మనం కుప్పం పోకముందే ఫోన్ చేసినాడులే. ఆ పిల్లోని పక్క మాట్లాడితే మిల్లు ఎత్తుకోమన్నాడు."

కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ పొద్దే నాకు యాల చెప్పలేదక్కా?"

ఆమె నవ్వింది. "చెప్పింటే నువ్వు పన్ను కట్టేసిందువు."

నిజమే, కట్టేసేవాణ్ణి. ఆమె నన్నంతగా ఎరుగును.

నా పిరికితనం ఈ నాటికీ పోలేదు. కవరు వస్తే ఇప్పటికీ ముందు నా భార్య చేతికే ఇస్తాను. కానీ ఎవరైనా గుమ్మంలోకొచ్చి, 'నువ్వు చూసినావు కదా, వచ్చి ఒక మాట చెప్తావా' అని అడిగితే మాత్రం వెంటనే లేచి చెప్పులు వేసుకుంటాను. నాకేం పోతుందోనని ఒక్క క్షణం కూర్చుని ఆలోచించానంటే, ఇక లేవలేనని నాకు తెలుసు.