ఆర్డెల్ వెనక్కి తిరిగి చూసిన శనివారం

ఆర్డెల్ మిక్సన్‌కి దేవుడి మీద ఎంత గురో, కహాబా స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మీదా అంతే గురి. తేడా ఒక్కటే. దేవుణ్ణి ఆవిడ తిట్టదు.

అలబామాలో టాలో స్ప్రింగ్స్ అనే చిన్న ఊరు. పెద్ద వీధిలో రెండు కుర్చీల బ్యూటీ పార్లర్ ఆవిడది. ఊళ్ళో కాస్త వయసు మళ్ళిన ఆడవాళ్ళ తలలన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి. కుర్చీలో మెడ వెనక్కి వాల్చి, జుట్టు నిండా నురగతో పడుకున్న మనిషి ఎదురు చెప్పలేదు కాబట్టి ఆవిడ అభిప్రాయాలకు అడ్డూ ఆపూ లేదు. కోచ్‌కి ధైర్యం చాలదు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి చేయి ఉంది గానీ తల లేదు. రిఫరీలకు రెండూ లేవు. శనివారం ఆటను పొద్దుపోయాక పెట్టడం టీవీ వాళ్ళు చేస్తున్న పాపం, మర్నాడు చర్చిలో జనం తీసే కునుకులకు వాళ్ళే దేవుడికి జవాబు చెప్పుకోవాలి. జట్టు పేరు కంచరగాడిదలు. ఎంత మొండికేసినా గాడిదలు మనవే కదా అని ఆవిడే చివరికి సర్దుకుంటుంది.

మొగుడు హాయిట్ కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. పైన గాలిలో అన్నేళ్ళు ఒంటరిగా గడిపినందుకో ఏమో, పది మాటలకు ఒక మాటతో సరిపెడతాడు. పిల్లలు పక్క ఊళ్ళలోనే స్థిరపడ్డారు. ఎడమ మోకాలి నొప్పి ఒక్కటి తప్ప, కడుపులో చల్ల కదలకుండా వెళ్ళిపోతున్న జీవితం. ఆవిడకీ ఆ సంగతి తెలుసు. బయటికి మాత్రం ఒప్పుకోదు, దిష్టి తగులుతుందని.

దిష్టి అంటే గుర్తొచ్చింది, ఆవిడకో నియమం ఉంది. కంచరగాడిదలు గోలు కొయ్యల మధ్యకు బంతి తన్నడానికి సిద్ధమయ్యారంటే, ఆవిడ టీవీ ముందునుంచి లేచి వెనక వరండాలోకి పోతుంది. ఇంటికి వీపు పెట్టి పెకాన్ చెట్టుకేసి చూస్తూ నిలబడుతుంది. ఎప్పుడో ఒకసారి ఆరేసిన దుప్పట్లు తేవడానికి వెళ్ళినప్పుడు బంతి సరిగ్గా మధ్యలోంచి పోయిందట. అంతకుముందు కళ్ళారా చూసినవన్నీ పక్కకు పోయాయట. ఇక అంతే. ఊళ్ళో ఎవరూ నవ్వలేదు. ఉతకని చొక్కా వేసుకునేవాళ్ళు, గెలిచినంతకాలం గడ్డం గీసుకోనివాళ్ళు నిండిన ఊరు అది, ఎవర్ని చూసి ఎవరు నవ్వుతారు?

పేరుకే ఫుట్‌బాల్ గానీ ఆటంతా చేతులతోనే. కొయ్యల మధ్యకు తన్నే కుర్రాడు జట్టుకొకడే ఉంటాడు. మిగతావాళ్ళు మూడు గంటలు కుమ్ముకుని బురదలో దొర్లాక, మడత నలగని బట్టలతో వచ్చి ఒక్క తన్ను తంతాడు. మధ్యలోంచి పోతే మూడు పాయింట్లు, వాడి పేరు ఎవరికీ గుర్తుండదు. తప్పితే ఊరూరా వాడి పేరే. ఈ ఏడు కహాబాకి ఆ కుర్రాడు కెండల్, నోవలీన్ టిడ్‌మోర్ మనవడు.

నోవలీన్ అంటే ఆర్డెల్‌కి ఒకటో తరగతి నుంచీ పక్క బల్ల. పెళ్ళిళ్ళూ పురుళ్ళూ కలిసే దాటారు. నోవలీన్ మొగుడు పోయినప్పుడు నెల రోజులపాటు ఆవిడ వంటింట్లో పొయ్యి వెలిగించింది ఆర్డెలే. ప్రతి గురువారం పదింటికి నోవలీన్ పార్లర్‌కి వస్తుంది. తల రుద్దించుకుని, రోలర్లు చుట్టించుకుని, డ్రయ్యర్ కింద కూర్చుని వారం సరిపడా కబుర్లు చెప్పుకుని పోతుంది. తుఫాను హెచ్చరిక ఉన్న గురువారం కూడా గొడుగేసుకుని వచ్చిందే తప్ప మానలేదు.

ఆ శనివారం టాంబిగ్బీ టెక్‌తో ఆట. ఆఖరి క్షణాల్లో కహాబా రెండు పాయింట్లు వెనకబడి ఉంది. తన్నితే గెలుపు. కెండల్ మైదానంలోకి పరిగెత్తాడు. ఆర్డెల్ అలవాటు ప్రకారం లేచింది, వెనక వరండాకున్న జాలీ తలుపు దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. ఆ పిల్లాడికి మొదటిసారి జుట్టు కత్తిరించింది తనే. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నోట్లో చాక్లెట్ పెట్టి. అంత పెద్ద మైదానంలో ఒంటరిగా ఎలా నిలబడ్డాడో ఒక్కసారి చూద్దామనిపించింది. వెనక్కి తిరిగి చూసింది.

బంతి ఎడమ కొయ్యకు బయటినుంచి పోయింది.

సోమవారం పార్లర్‌కి సెలవు. ఆ మధ్యాహ్నం ఊరి రేడియోలో ఆట ముచ్చట్ల కార్యక్రమం ఉంటుంది. నడిపేవాడు బడ్ ఫారిస్టర్. మొదటి ఫోను ఎప్పుడూ ఆర్డెల్‌దే.

“చెప్పండి మిస్ ఆర్డెల్, ఈ వారం ఎవరికి అక్షింతలు?” అన్నాడు బడ్. ఆ ఊళ్ళో పెళ్ళయిన ఆడవాళ్ళనీ మర్యాదగా ‘మిస్’ అనే పిలుస్తారు.

“కోచ్‌తోనే మొదలెడతాను నాయనా. అవతలి గీత అంత దగ్గరకొచ్చాక ముందుకు దూకాలా, ఆగి తన్నించాలా? ఆయనకి గుండె పెట్టాల్సిన చోట బిస్కెట్ల పిండి ముద్ద పెట్టాడు దేవుడు. ఇక ఆ క్వార్టర్‌బ్యాక్. విసరడం వచ్చు, ఎవరికి విసరాలో తెలీదు. టెక్ వాళ్ళు కూడా మన చుట్టాలే అనుకున్నాడు పాపం.”

“మరి ఆఖరి తన్ను సంగతి?”

అక్కడ ఆగి ఉంటే ఏ గొడవా లేదు. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట వినగానే ఆవిడ గొంతు లేచింది.

“ఆ తన్నా? మా వరండాలో ఉయ్యాలకి ఒక గొలుసు ఊడి నెలయింది. అది ఇంతకన్నా తిన్నగా ఊగుతోంది. ఆ పిల్లాణ్ణి కొన్నాళ్ళు బెంచీ మీద కూర్చోబెట్టండి, వాడి కాలికీ సుఖం, మన గుండెలకీ సుఖం.”

బడ్ పగలబడి నవ్వాడు. ఫోను పెట్టేసి తిరిగేసరికి హాయిట్ సింకు దగ్గర నిలబడి ఉన్నాడు.

“శనివారం జాలీ తలుపు చప్పుడు వినపడలేదు నాకు,” అన్నాడు.

“అయితే?”

“నువ్వు బయటికెళ్తే చప్పుడవుతుంది. అవలేదు. అంతే.”

మొగుడు ఇన్నేళ్ళకు నోరు విప్పి ఆ ఒక్క మాట అనాలా అని ఆవిడకి ఒళ్ళు మండింది. అది నిజం కాబట్టి ఇంకా మండింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇక్కడ పృథివి దాకా పోనక్కర్లేదు, చర్చి వీధి మలుపు తిరిగితే నోవలీన్ ఇల్లే. మంగళవారం పార్లర్‌కి వచ్చినవాళ్ళంతా ఉయ్యాల మాట చెప్పుకుని నవ్వారు. ఆర్డెల్‌కి ఒక్క నవ్వూ రుచించలేదు. బుధవారం సాయంత్రం ప్రార్థనకి నోవలీన్ వచ్చి, ఎప్పుడూ కూర్చునే బల్ల వదిలేసి అటువైపు వరసలో కూర్చుంది. పాటల పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

గురువారం పదింటికి ఆర్డెల్ తువ్వాలు మడిచి కుర్చీ మీద వేసింది, రోలర్లు వరసగా సర్దింది. పదిన్నరయింది. దారిన పోతూ ఎవరో తలుపు తోసి “కుర్చీ ఖాళీయేనా?” అంటే “ఖాళీ లేదు” అంది. పదకొండయింది. యాభై ఏళ్ళ పైబడ్డ స్నేహం నోటి తీటకి పోయిందా అని మొదటిసారి ఆవిడకి నిజంగా భయం వేసింది. ఆ కుర్చీ అలా ఖాళీగా ఉండిపోతే ఇక గురువారాలన్నీ ఏం చేసుకోవాలి?

అంతే. రోలర్లు, షాంపూ, దువ్వెనలు, తలకి కట్టే డ్రయ్యర్ సంచీ అన్నీ బుట్టలో వేసుకుని, తలుపుకి తాళం పెట్టి, మోకాలు ఈడ్చుకుంటూ చర్చి వీధికి నడిచింది.

నోవలీన్ తలకి గుడ్డ కట్టుకుని తలుపు తీసింది. బుట్ట వైపు చూసింది.

“ఎవరైనా పోయారా, చావింటికి వచ్చినట్టు బుట్ట పట్టుకొచ్చావు?”

“నీ జుట్టు చూస్తే పోయినట్టే ఉంది. సింకు దగ్గర కూర్చో.”

“నేను రమ్మన్నానా?”

“గురువారం కదే. నువ్వు రాకపోతే నేనే రావాలి మరి.”

నోవలీన్ కాసేపు గుమ్మానికి అడ్డంగా నిలబడి, చివరికి పక్కకి జరిగింది. ఆర్డెల్ తల రుద్ది, తుడిచి, దువ్వెన తీసింది. సగం తలకి రోలర్లు పడ్డాక నోవలీనే అంది.

“వాడు ఫోన్ చేశాడులే. రేడియోలో విన్నాట్ట. ఒకటే నవ్వు. ‘నానమ్మా, మిస్ ఆర్డెల్ చేత తిట్లు తినకపోతే జట్టులో ఉన్నట్టే కాదు’ అన్నాడు.”

“మరి నువ్వు?”

“నాకు కష్టంగానే అనిపించింది. నువ్వు కోచ్‌ని తిట్టు, గవర్నర్‌ని తిట్టు. వాణ్ణి ఎత్తుకున్న చేతులే నీవి. నవ్వులపాలు చేశావు.”

ఆర్డెల్ చేతిలో దువ్వెన ఆగింది. “తప్పే. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. వాడి కాలు తప్పలేదే నోవలీన్. నేను చూశాను.”

“ఏం చూశావు?”

“తన్ను. వరండాలోకి పోలేదు. తలుపు దగ్గర ఆగి చూశాను.”

నోవలీన్ రోలర్లతో సహా గిర్రున తిరిగింది. “చూశావా?”

“చూశాను.”

“ఇన్నేళ్ళుగా పాటించి పాటించి, నా మనవడి తన్నే దొరికిందే నీకు చూడ్డానికి? ఒసేయ్, నోరు జారిందంటే సరేలే, నీ నోటి సంగతి నాకు తెలీదా అనుకున్నాను. ఇది కావాలని చేసిన పని కాదూ! ఆ తన్ను తప్పాక పిల్లాడు రెండు రోజులు అన్నం తినలేదే!”

“అందుకే చెప్తున్నా…”

“నాతో మాట్లాడకు. మిగతా సగం చుట్టేసి బయటికి నడు.”

సగం రోలర్లతో ఎవరినీ వెళ్ళగొట్టలేం, వెళ్ళనూ లేం. కాబట్టి ఆర్డెల్ నోరు మూసుకుని మిగతా సగం చుట్టింది, ఎప్పటికన్నా జాగ్రత్తగా. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి నోవలీన్ గొంతు వినపడింది.

“శనివారం మీ ఇంటికే వస్తున్నాను. నిన్ను నమ్మడానికి లేదు. దగ్గరుండి చూసుకోవాలి.”

కోపంగానే అంది. అయినా ఆర్డెల్‌కి వీధంతా వెలుగొచ్చినట్టయింది. మోకాలి నొప్పి కూడా మరిచిపోయి ఇంటికి నడిచింది.

శనివారం మధ్యాహ్నం నోవలీన్ ఉడికించిన వేరుశెనక్కాయల గిన్నె పట్టుకుని వచ్చింది. సోఫాలో ఆర్డెల్‌కి దూరంగా, హాయిట్‌కి అవతల కూర్చుంది. ఆట మొదలయ్యాక దూరం ఎంతసేపు నిలుస్తుంది? ఆర్డెల్ కోచ్‌ని తిట్టింది. నోవలీన్ “నువ్వు తిట్టినంత మంచివాడైతే కాదు” అని ఒక మెట్టు పైన తిట్టింది. రిఫరీని తిట్టే వంతు వచ్చేసరికి ఇద్దరూ ఒకే గిన్నెలో కాయలు ఒలుచుకుంటున్నారు. హాయిట్ మధ్యలోంచి లేచి పక్క కుర్చీకి మారాడు.

రాతలో ఏముందో గానీ, ఆట మళ్ళీ ఆఖరి తన్ను దాకా వచ్చింది. చోకీ వ్యాలీ కాలేజీ ఒక్క పాయింటు ముందుంది. తెర మీద కెండల్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

నోవలీన్ ఆర్డెల్ చేయి పట్టుకుని లేపింది. “నడు.” జాలీ తలుపు దబ్బున మూసింది. ఆర్డెల్ భుజాలు పట్టుకుని పెకాన్ చెట్టు వైపు తిప్పింది, తనూ పక్కనే నిలబడింది.

“నేనెక్కడికీ తిరగనులే. నువ్వు లోపలికెళ్ళి చూడు, నీ మనవడు కదా,” అంది ఆర్డెల్.

“నేనెప్పుడు చూశాను గనక? వాడు తన్నేటప్పుడు స్నానాలగదిలో కూర్చుని కుళాయి తిప్పుకుంటాను. నీకొక్కదానికే ఉందనుకున్నావా ఈ రోగం?”

ఆర్డెల్ తెల్లబోయి ఆవిడ వైపు చూసింది.

“బాగా తన్నినవి తర్వాత వేసి చూపిస్తారు కదా, అవి చూస్తాను. పోయిన వారం తన్ను మాత్రం ఎంతమంది చెప్పినా చూడలేకపోయాను. వాడి మొహం చూడాలంటే భయం వేసింది.” నోవలీన్ గొంతు తగ్గించింది. “నువ్వు చూశావు కదే. ఎలా ఉన్నాడు? చెప్పు.”

లోపల టీవీలో జనం హోరు ఆగిపోయింది. ఆ క్షణంలో ఆర్డెల్‌కి బంతి గుర్తులేదు, కొయ్యలు గుర్తులేవు.

“నిటారుగా నిలబడ్డాడే,” అంది. “తన్నేముందు అరచేతులు పంట్లానికి తుడుచుకున్నాడు, మీ ఆయన పార పట్టుకునేముందు తుడుచుకునేవాడే, అచ్చం అలా. బంతి అవతలికి పోయాక తల దించుకుంటాడనుకున్నాను. దించుకోలేదు. వాడు తన్నడానికి బంతిని నేల మీద నిలబెట్టి పట్టుకునే పిల్లాడు ఇంకా మోకాళ్ళ మీదే ఉండి ఏడుస్తున్నాడు. మనవాడు వెళ్ళి వాడి చంకల కింద చేతులేసి లేపాడు.”

“లేపాడా?”

“లేపాడు. లేపి…”

వీధి పొడుగునా కార్ల హారన్లు మోగడం మొదలైంది. జాలీ తలుపు దబ్బున తెరుచుకుంది. పెళ్ళయిన నాటినుంచీ గొంతెత్తని హాయిట్ రెండు చేతులూ పైకెత్తి “ఆర్డెల్! నోవలీన్!” అని కేక పెట్టాడు.

నోవలీన్ వెనక్కి తిరగకుండానే చెయ్యి ఎత్తి అతన్ని ఆపింది.

“ఉండు హాయిట్. దీన్ని చెప్పనీ.”