ఫుజియె ముందు సీటు

తమోత్సు అంత మొండివాడు ఆ తీరంలో ఇంకొకడు లేడు. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి, దాని మీద ఒక్క గీత పడనివ్వని మనిషి. సొంత కారులోనైనా సరే, భార్య ఫుజియె సీటు బాగా వెనక్కి జరుపుకుని బెల్టు పెట్టుకుంటే తప్ప బండి కదిలించడు. ఆమె ముచ్చటపడి అల్లి, తన ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద అంటించుకున్న ఉన్ని పిల్లిని కూడా, "ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటే అదే ఎగిరొచ్చి నీ మొహాన కొడుతుంది" అని పీకించేశాడు.

"పెళ్లాం కంటే నియమాలే ఎక్కువ ఈ మనిషికి!" అని ఆమె సణిగేది. సణుగుతూనే ఒళ్లో కమలాపళ్లు ఒలిచి, పీచు తీసి, రోడ్డు మీంచి చూపు తిప్పని అతని నోటికి తొన అందించేది. అతను నోరు తెరిస్తే చాలు. ఇన్నేళ్లలో ఆ చెయ్యి ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

ఆ వసంతంలో రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. ఫుజియె కంటి నరం ఎండిపోతోందనీ, చలికాలం నాటికి చూపు దాదాపు మిగలదనీ డాక్టరు చెప్పాడు. డ్రైవరు పక్కనుండే ముందు సీటు వైపు ఎయిర్‌బ్యాగు పేలితే ఇనుప ముక్కలు ఎగిరి రావచ్చనీ, కొత్తది బిగించేదాకా అక్కడ ఎవరూ కూర్చోవద్దనీ కారు కంపెనీ ఉత్తరం రాసింది. మెకానిక్ నిషియామా ఆ సీటు ఎదురుగా హెచ్చరిక కాగితం అంటించి, "కొత్త ఎయిర్‌బ్యాగు సామాను రావడానికి నెలలు పడుతుందన్నా. బదులివ్వడానికి బండ్లు కూడా లేవు" అని చేతులెత్తేశాడు.

ఫుజియె వెనక సీట్లోకి మారింది. "డ్రైవరు గారూ, కంటాసుపత్రికి పోనివ్వండి" అని వేళాకోళమాడేది. కానీ వెనక నుంచి ఆమెకు కనిపించేది అతని బట్టతలే. ఆసుపత్రి దారిలో మూడో సొరంగం దాటగానే, మలుపులో కమలా తోటల కొండ తప్పుకుని, ముందు అద్దం నిండా ఒక్కసారిగా సముద్రం వస్తుంది. కొత్త పెళ్లికూతురిగా ఆమె నోరు తెరిచి "అబ్బ!" అన్నది అక్కడే.

ఆగస్టులో అడిగేసింది. "ఏవండీ, ఆ మలుపు ఒక్కటి ముందు కూర్చుని చూస్తాను. మళ్లీ వెనక్కి వచ్చేస్తాను."

"కుదరదు."

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా గుద్దారా మీరు?"

"ఎదుటివాడు చెప్పి గుద్దుతాడా? కావాలంటే అక్కడ ఆపుతాను, దిగి చూడు."

"దిగి చూడ్డానికి నేనేమన్నా యాత్రకొచ్చానా? మీ పక్కన కూర్చుని చూడాలనుంది."

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్లీ అడగలేదు. పక్క సీటు ఖాళీగా కనబడ్డప్పుడల్లా తమోత్సు ప్రాణం ఉసూరుమనేది. ఒక్కోసారి అలవాటుగా నోరు తెరిచి, సిగ్గుపడి మూసుకునేవాడు.

సామాను నవంబరులో వచ్చింది. "ఇక వదినను మహారాణిలా కూర్చోబెట్టుకో" అంటూ నిషియామా దాన్ని బిగించి, కాగితం పీకేశాడు. అప్పటికి ఫుజియెకు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. తమోత్సు చెయ్యి పట్టి ఆమెను ముందు కూర్చోబెట్టి, తనే బెల్టు పెట్టాడు.

మూడో సొరంగం దాటింది. మొహం మీద ఎండ తగలగానే ఆమె, "వచ్చిందా?" అంది.

"వచ్చింది."

"ఎలా ఉంది?"

చెప్పబోయి అతను వెక్కాడు. "ఆ రోజు కూర్చోబెట్టుకోవాల్సింది, ఫుజియె. తప్పు చేశాను."

"ఆ రోజే ఏ లారీవాడో వచ్చి గుద్దుంటే? మీ నియమాలు తగలెయ్య, పక్కన బతికే ఉన్నానుగా! ఏడవకుండా రోడ్డు చూడండి. నోరు తెరవండి."

తెరిచాడు. తొన వచ్చి అతని గడ్డానికి తగిలి జారిపోయింది. ఆమె చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

తమోత్సు బండి పక్కకు తీసి ఆపాడు. ఆమె ఇంకో తొన ఒలిచేదాకా ఆగాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, ఆ వేళ్లు ఎక్కడున్నాయో చూసుకుని, తన నోటినే వాటి దగ్గరికి తీసుకెళ్లాడు.