ఈత నిక్కరు లగ్జరీ

ఒక్క మాట పట్టుకుని, కుదరబోయే సంబంధాన్ని ఎంత బాగా చెడగొట్టుకోవచ్చో చెబుతాను. ఆ మాట లగ్జరీ.

అప్పుడు నార్సింగిలో తొమ్మిదో అంతస్తులో కిరాయికి ఉండేవాణ్ణి. మాది అనంతపురం. నీళ్ళ విలువ నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. అయినా ఆ ఫ్లాట్లో చేరాక ఫోనులో అందరికీ ఒకటే చెప్పేవాణ్ణి: "లగ్జరీ అపార్ట్‌మెంట్. ఇరవై రెండు సౌకర్యాలు." వాటిలో పందొమ్మిది నేను కళ్ళతో చూడలేదు.

పెళ్ళి సంబంధంగా వచ్చిన శ్రావణి ఫోటో నాకు చూడగానే నచ్చింది. అబ్బాయి ఉండే ఇల్లు చూద్దామని ఒక ఆదివారం ఆమె, వాళ్ళ నాన్న సత్యనారాయణగారు బాచుపల్లి నుంచి వచ్చారు. నేను బాల్కనీలోంచి స్విమ్మింగ్ పూల్ చూపించి లగ్జరీ అన్నాను. లిఫ్ట్ చూపించి మళ్ళీ లగ్జరీ అన్నాను. దుమ్ములో వచ్చిన పెద్దాయన మొహం కడుక్కుంటానని బాత్రూంలోకి వెళ్ళారు.

"బాబూ, సబ్బు రాసుకున్నానండీ. నీళ్ళు రావట్లేదు."

ఎండాకాలం. ట్యాంకర్ రాలేదు. తాగే నీళ్ళ క్యాన్ కాఫీలకే ఖాళీ అయింది. అపార్ట్‌మెంట్ మొత్తంలో నిండుగా ఉన్నది స్విమ్మింగ్ పూల్ ఒక్కటే. బకెట్ పట్టుకుని కిందికి పరుగెత్తాను. సెక్యూరిటీ యాదగిరి అడ్డం నిలబడ్డాడు.

"ఏంది సార్, గిట్ల వస్తున్నరు? ఈత నిక్కరు, టోపీ లేకుంటే లోపలికి పంపియ్యద్దన్నరు."

"నేను ఈదను యాదగిరీ! ఒక్క బకెట్ ముంచుకుంటా. పైన మా మామగారు సబ్బుతో ఉన్నారు."

"బకెట్‌కు రూల్ లేదు సార్. మనిషికుంది. జర నా నౌకరీ గురించి గూడ ఆలోచించుండ్రి."

మీరైతే ఏం చేసేవాళ్ళో నాకు తెలియదు. నేను పైకి వెళ్ళి, ఫ్లాట్లో చేరినప్పుడు కొని ధర చీటీ కూడా తీయని నీలం నిక్కరు వేసుకుని, రబ్బరు టోపీ పెట్టుకుని హాల్లోకి వచ్చాను. శ్రావణి కాఫీ కప్పు కింద పెట్టింది.

"ఎక్కడికండీ?"

"నీళ్ళకండీ."

సిగ్గుతో చచ్చిపోయాను.

బకెట్ నీళ్ళు తెచ్చి ఇచ్చాను. పెద్దాయన మొహం కడుక్కుని, పూల్లో వేసే మందుకు కళ్ళు ఎర్రబడి బయటికి వచ్చారు. నన్ను టోపీ నుంచి పాదాల దాకా నిదానంగా చూశారు.

"ఇందాక ఇరవై రెండు సౌకర్యాలన్నారు. అందులో కుళాయి కూడా ఉందాండీ?"

నేను బకెట్ వైపు చూశాను. సంబంధం పోయిందనే అనుకున్నాను. అప్పుడు శ్రావణి ఏ భావమూ లేకుండా అంది:

"పెళ్ళయ్యాక బాచుపల్లిలోనే ఉందామండీ. మా వైపు నిక్కరు వేసుకోకపోయినా నీళ్ళొస్తాయి."

అందువల్ల సకల పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. నా ఇల్లు ఎలా ఉంటుందని ఎవరడిగినా, ముందు కుళాయి తిప్పి చూస్తాను. ఆ తర్వాతే నోరు తెరుస్తాను.