స్పాంజీ, ఉడుమూ

ఏలూరు కాలేజీలో మా జువాలజీ లెక్చరర్ ఎవరినీ ‘నువ్వు’ అనేవారు కాదు. అందరికీ ‘అండీ’లే. ఆ మర్యాదంటే నాకిప్పటికీ ఒళ్లుమంట.

జవాబు రాక నిలబడినవాళ్ల ముందు రెండు గాజు జాడీలు పెట్టేవారు. ఒకదాంట్లో సముద్రపు స్పాంజి, రెండోదాంట్లో పెద్ద ఉడుము. ఒకరోజు నా ముందూ పెట్టారు.

“రెండూ జంతువులేనండీ. ఉడుము పట్టిందంటే వదలదు. స్పాంజికి నరాలే ఉండవు, ఏమన్నా నొప్పెట్టదు. కొల్లేటికోట నుంచొచ్చారు కదా, మీరేదండీ?”

నేను రెండు జాడీల వంకా చూశాను.

“స్పాంజేనండీ,” అని ఆయనే తేల్చారు. క్లాసంతా నవ్వింది.

ఆయన చెప్పిన పాఠాలన్నీ మర్చిపోయాను. ఆ మాటను మాత్రం ఉడుములా పట్టుకున్నాను.

మొన్న తాడేపల్లిగూడెం బస్టాండులో ఆయనే నవ్వుతూ ఎదురొచ్చారు.

“మీరు మా స్టూడెంటే కదండీ?”

“మీరెవరో నాకు తెలీదండీ,” అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుపోయింది. నరాలున్నాయన్నమాట.