ఆరో తలుపు

“జుట్టు దువ్వుకోడానికి లెగనేని సెయ్యి, ఆ బాబు వ్యానులో నెత్తి మీదకి లెగుస్తాదేటి మావా?”

“నెమ్మదిగా మాటాడే. ఈదిలోకి ఇనబడతాది.”

“ఇనబడనీ. దాసుకుంటే నయమయిపోద్దేటి? మా తమ్ముడు ఎర్రన్నకి కబురెట్టు. ఒక్క పూటలో బిగించేసి ఎల్లిపోతాడు.”

“ఎర్రన్న బిగించినాక రేపు నా గుమ్మంలోకి పనట్టుకుని ఎవుడొస్తాడే? అందరూ టెక్కలి ఎల్లి ఆడికే సెప్పుకుంటారు.”

తాటాకు దడి ఇవతల నిలబడ్డ సూర్యారావుకి దగ్గాలో వద్దో తెలియలేదు. లోపల గొడవ పడుతున్నది వడ్రంగి సోములూ, అతని భార్య చిన్నతల్లీ. కార్తీకంలో మిల్లు కప్పు వేస్తూ సోములు జారిపడ్డాడని నరసన్నపేటంతా ఎరుగుదురు. భుజం బాగయిందని కూడా అందరూ అనుకున్నారు. సోములే అలా అనుకోనిచ్చాడు. ఇప్పుడీ మాట విన్నాక విననట్టు వెనక్కి పోవడం కుదరదు. సూర్యారావు గట్టిగా దగ్గాడు.

లోపల మాట తెగింది. కుడిచెయ్యి పంచె మడతలో దూర్చుకుని సోములు బయటికొచ్చాడు.

“రా బాబూ. బద్దలు సిద్ధంగా ఉన్నాయి.”

సూర్యారావు విజయనగరంలో బీయెస్సీ రెండో ఏట మానేసి వచ్చేశాడు. తండ్రి కొట్లో గద్దె మీద కూర్చోమంటే ఒంట్లో తేళ్ళు పాకినట్టుండేది. మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న పాత అంబులెన్సు వ్యాను కొని, గాజులూ రిబ్బన్లూ అద్దాలూ సర్దుకుని తీర్థాలు తిరగడం మొదలుపెట్టాడు. వంటా పడకా అందులోనే. రెండు పక్కలా బల్లల పైన మూడేసి అరలున్నాయి. లోపల ఎంత ఇరుకంటే, అర తలుపు పక్కకి తెరిస్తే ఎదుటివాడి ముక్కు పగులుతుంది. అందుకని ఏడాది కిందట సోములు మడతబందులు పై అంచున వేసి, పైకెత్తి తీసే తలుపులు చేశాడు. పని ముచ్చటగానే ఉంది. ఎత్తిన తలుపే నిలవదు. ఒక చేత్తో దాన్ని పట్టుకుని రెండో చేత్తో సరుకు తియ్యాలి.

శివరాత్రికి శ్రీముఖలింగం తీర్థంలో జనం మీద పడుతుంటే సూర్యారావు రెండు చేతులూ వాడాడు. తలుపు దబ్బున కిందపడింది, గాజులు ఎంచుకుంటున్న ఒకావిడ మణికట్టు మీద. చేతినున్న గాజులు నాలుగూ పగిలాయి. ఉపవాసం ఉన్న ముత్తయిదువ, అందులోనూ గుడి ఎదుట. ఆవిడ నెత్తురు చూసుకోలేదు. ముక్కలు ఏరుకుంటూ ఏడ్చింది. ఆవిడ మొగుడు సూర్యారావు కాలరు పట్టుకున్నాడు. ఆ రోజు మరి ఎవరూ గాజు కొనలేదు. శ్రీకూర్మం తీర్థానికి పదహారు రోజులుంది. ఈలోగా తలుపులకి ఊతం పడాలి.

మొదట సోములు కర్రలు చేసిచ్చాడు, ఎడ్లు విప్పాక బండి కాడి కింద పెడతారే, అలాంటివి, చిన్నవి. అతని వాకిట్లో ఆరు తలుపులూ నిలిచాయి. పెద్ద రోడ్డెక్కి ఓరగా ఆపేసరికి ఒక పక్క మూడూ టపటపా పడిపోయాయి.

“ఇల్లు కట్టినోణ్ణి నాను,” అన్నాడు సోములు సిగ్గుపడుతూ. “ఇల్లు ఒరుగుతాదని అనుకుంటామేటి?”

రెండోసారి కొలిమి దగ్గర కూర్చుని ఇనపబద్దలు చేయించాడు. తలుపుకి తగిలించే బద్ద పొడుగునా సన్నటి గాడి, గాడి చివర చిన్న వంపు. తలుపెత్తితే అర చట్రానికి బిగించిన మరమేకు గాడిలో జారుతూ పోయి వంపులో కూర్చుంటుంది. మళ్ళీ కాస్త ఎత్తి తప్పిస్తే తప్ప దిగదు. బుర్ర ఉన్నవాడి పని. చెయ్యే లేదు.

ఇప్పుడు సోములు సామాను సర్దుకుంటుంటే చిన్నతల్లి మంచినీళ్ళు ఇచ్చే వంకన దగ్గరికొచ్చింది.

“బాబూ, నువ్వయినా సెప్పు. గీత గియ్యకముందే ఎర్రన్నని పిలవాల. మా వడ్రంగోళ్ళల్లో ఒకడు గీత గీసిన కర్ర మీద, ఆడు ఆ పని ఒగ్గీసినానని సెప్పేదాకా ఇంకొకడు ఉలెట్టడు. గీసేసినాక మా తమ్ముడు కాళ్ళట్టుకున్నా రాడు.”

సూర్యారావు తలూపాడు. చెప్పలేదు.

అరలు వ్యాను గోడకి రివెట్లతో బిగించినవి, ఊడదీసి కింద పెట్టుకోడానికి లేదు. స్టూలెక్కితే నెత్తి కప్పుకి కొట్టుకుంటుంది. నిలబడి చెయ్యెత్తి చెయ్యాల్సిందే. సోములు మొదటి అర చట్రం మీద ఎడమ చేత్తో గీత గీశాడు. తర్వాత అదే ఎడమ చేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, ఎవరిదో చెయ్యి ఎత్తినట్టు పైకెత్తి, స్క్రూడ్రైవరు మేకు నెత్తిన ఆనించాడు. రెండు చుట్లు తిరిగింది. చెయ్యి జారి బల్ల మీద పడింది. మళ్ళీ ఎత్తాడు.

“ఇలా ఇయ్యి సోములూ, నేను తిప్పుతాను.”

సోములు వినబడనట్టు మేకు వంకే చూస్తున్నాడు.

చివరికి సూర్యారావు అతని మోచెయ్యి కింద అరచెయ్యి పెట్టాడు. సోములు మేకు తిప్పాడు. మోచెయ్యి చల్లగా, బరువుగా ఉంది. లోపల ఎముక దగ్గరెక్కడో కటకటమంటున్నది. అలాగే ఒక తలుపు అయింది. రెండోది అయింది. మధ్యాహ్నం దాటేసరికి అయిదయ్యాయి. తలుపులు ఎత్తితే ఠక్కున నిలుస్తున్నాయి. సూర్యారావు వ్యాను నడిపి రోడ్డు వారన ఒరగనిచ్చి చూశాడు. ఒక్కటీ పడలేదు.

“సూసినావా!” అన్నాడు సోములు. ఆ పూటకి అతను నవ్వింది అప్పుడే.

ఆరో తలుపు దగ్గర సోములు గీత గియ్యకముందే స్క్రూడ్రైవరు పట్టుకుని చెయ్యెత్తి చూసుకున్నాడు. స్క్రూడ్రైవరు మూడుసార్లు కిందపడింది. నాలుగోసారి సోములు దాన్ని తీయలేదు. బల్ల మీద కూలబడి, తన కుడి అరచేతిని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. దీనికింకా గీత పడలేదు, ఎర్రన్న రావచ్చు, అనుకున్నాడు సూర్యారావు. ఆ మాట అనడానికి నోరు తెరిచాడు కూడా.

సోములు లేచాడు. చెవి మీది పెన్సిలు ఎడమ చేత్తో తీసి, ఆరో అర చట్రం మీద రెండు గీతలు గీసి, మేకు దిగాల్సిన చోట చుక్క పెట్టాడు.

“దీనికి తాడు కట్టుకో బాబూ. శ్రీకూర్మంలో తాడెందుకని ఎవులైనా అడిగితే, సోములు గీత గీసినాడు, వస్తాడు అని సెప్పు. ఎప్పుడని అడిగినా వస్తాడనే సెప్పు. ఆ గీత మట్టుకు సెరపకు.”